జీతం ఆమె చేతికి ఎంత?

ఫోన్ ఎత్తగానే పేషెంటు ఎలా ఉన్నారో అడగకుండా రేటు చెప్పే ఏజెన్సీతో నేను మాట పొడిగించను. పక్షవాతంతో మంచం పట్టిన మా నాన్నగారి కోసం హైదరాబాద్‌లో మనిషిని వెతికే పని నా మీద పడినప్పటి నుంచీ ఇదే నా మొదటి జల్లెడ.

స్నానం చేయించడానికి, తినిపించడానికి, డైపర్ మార్చడానికి శిక్షణ ఉన్న అటెండెంట్ చాలు. ముక్కు గొట్టం మార్చాలన్నా, ఇంజెక్షన్ ఇవ్వాలన్నా నర్సింగ్ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సే కావాలి. ఇద్దరినీ "సిస్టర్" అనే పంపుతారు కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు అడగాల్సిందే.

సూపర్‌వైజర్ చెప్పేది విని ఊరుకోకూడదు. మన ఇంటికి వచ్చే మనిషితోనే మాట్లాడాలి. "ఒంటికి పుండ్లు పడకుండా ఏం చేస్తావమ్మా?" అని అడుగుతాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతానని, నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూస్తానని, ఆ ఎరుపు వేలితో నొక్కినా పోకపోతే వెంటనే చెబుతానని అంటే సగం దిగులు తీరుతుంది. గొట్టంలో పాలు పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలనీ, పోశాక కనీసం అరగంట వెల్లకిలా పడుకోబెట్టకూడదనీ తనంతట తానే చెబితే మిగతా సగమూ తీరుతుంది. అలా చేయకపోతే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. మనం కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది? నాన్నగారికి మాట సరిగా రాదు. ఆయన సైగలన్నీ తెలిసిన అమ్మాయి, ఏజెన్సీ జీతం ఆపేసిందని ఓ రోజు వెళ్లిపోయింది. మర్నాడే ఇంకొకరిని పంపారు, ఒప్పందం ప్రకారం తప్పేమీ లేదు. కానీ మంచినీళ్లు కావాలని ఆయన చెయ్యి ఎత్తితే ఆ కొత్త మనిషికి అర్థం కాలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ నష్టం ఏ బిల్లులోనూ కనబడదు.

"24 గంటల డ్యూటీ" అన్న మాట కూడా నాకు మింగుడుపడదు. రెండు గంటలకోసారి రోగిని తిప్పాల్సిన మనిషి నిద్రపోయేదెప్పుడు? రాత్రికి ఇంకో మనిషైనా ఉండాలి, ఇంట్లోవాళ్లు వంతులైనా వేసుకోవాలి. పగలూ రాత్రీ ఒక్కరే చూసుకుంటారని హామీ ఇచ్చే ఏజెన్సీకి మన పేషెంటు మీదా, తమ మనిషి మీదా పట్టింపు లేనట్టే.

ఇంటికొచ్చి సేవలందించే సంస్థలకు రిజిస్ట్రేషన్ ఉండాలన్న ప్రతిపాదన 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన వయోవృద్ధుల సంక్షేమ చట్ట సవరణ బిల్లులో ఉంది. ఆ లోక్‌సభ కాలం ముగిసేలోగా అది చట్టం కాలేదు.

కాబట్టి జాగ్రత్త మనమే పడాలి. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ కాగితాలు మీరు ఎలాగూ అడుగుతారు. అడ్వాన్స్ కట్టే ముందు ఆమె జీతం, నిద్ర, వారం సెలవు గురించి కూడా అడగండి, ఒప్పందంలో రాయించండి.