మంచుచరియల ప్రమాద సూచిక : ఒక విమర్శ

ఆల్ప్స్ పర్వతములలో శీతకాలమున స్కీలు ధరించి, రోప్‌వేల సహాయము లేకుండ, కాలిబలముతోనే మంచుకొండల నెక్కి దిగువారు పెక్కుమంది కలరు. వీరు రాత్రులు కొండలపై కట్టిన ఆశ్రయ కుటీరములలో గడపి, మరునాడు మరియొక కుటీరమునకు సాగుదురు. ఫ్రాన్సులోని షామొనీ నుండి స్విట్జర్లండులోని జెర్మాట్ వరకు గల దారి ఇట్టివానిలో సుప్రసిద్ధము. బయలుదేరుటకు ముందు వీరు చూచుకొనవలసినది మంచుచరియల ప్రమాద ప్రకటన. అందు మొదట కనబడునది ఒక అంకె. ఆ అంకెను గూర్చియే ఈ విమర్శ.

మంచు పొరలు పొరలుగా పేరుకొనును. గట్టిపొర క్రింద బలహీనమైన పొర యున్నచో, 30 డిగ్రీలకు మించిన వాలుపై ఒక్క మనిషి బరువునకే ఆ క్రిందిపొర విరిగి, పైపొర పలకవలె జారిపోవును. ప్రాణము తీయు చరియలను చాల సందర్భములలో కదలించినది ఆ బృందములోనివారే. కనుక ముందు హెచ్చరిక మిక్కిలి అవసరము. స్విట్జర్లండులో ఈ ప్రకటనలు 1945 నుండి క్రమముగా వెలువడుచున్నవి. 1993లో ఐరోపా దేశములు అన్నింటికి ఒకే సూచికను అంగీకరించినవి: 1 స్వల్పము, 2 పరిమితము, 3 గణనీయము, 4 అధికము, 5 అత్యధికము. సరిహద్దులు దాటి తిరుగువారికి ఇది గొప్ప ఉపకారమే.

అయితే అయిదింటిలో మూడనగానే మన మనస్సునకు తోచు నర్థమేమి? నడిమిది, సామాన్యమైనది అని. ఇక్కడనే చిక్కు వచ్చినది. ఈ మెట్లు సమానమైనవి కావు. వెర్నర్ ముంటర్ అను స్విస్ పర్వత మార్గదర్శి తన గణన పద్ధతిలో మొదటి నాలుగు మెట్లకు వరుసగా 2, 4, 8, 16 అను విలువలనిచ్చెను. ఆ లెక్కన మూడవ మెట్టు రెండవదానికి రెట్టింపు, మొదటిదానికి నాలుగురెట్లు.

పైగా అయిదవ మెట్టు అరుదుగా ప్రకటింపబడును. అది లోయలోని గ్రామములను, రహదారులను సయితము ముంచగల మహాచరియలను గూర్చినది. అట్టి దినమున స్కీ యాత్ర అను మాటయే యుండదు. కావున యాత్రికునికి ఈ సూచిక నిజముగా నాలుగు మెట్లదే. అందు మూడు పై చివరకు సమీపమున నున్నది. స్విట్జర్లండులో శీతకాల దినములలో సుమారు నూటికి 30 మూడవ మెట్టువి; మంచుచరియల వలన కలుగు మరణములలో సుమారు సగము ఆ దినములలోనివే. నాలుగు అనిన జనులు ఆగుదురు. మూడు అనిన, క్రొత్తమంచుపై ఎండ కాయుచుండగా, బయలుదేరుదురు.

సూచికను రూపొందించినవారి పక్షమున ఒక సమాధానము కలదు. అంకె శీర్షిక మాత్రమే. దాని క్రింద ఏ యెత్తున, ఏ దిక్కున నున్న వాలులు ప్రమాదకరమో, ఆ ప్రమాద మెట్టిదో వివరముగా వ్రాసియున్నది. ఇది నిజము. కాని తొందరలో నున్నవాడు శీర్షికనే చదువును. 2022 డిసెంబరు నుండి డావోస్ పరిశోధనాలయము రెండవ మెట్టు మొదలుకొని అంకెలకు ప్లస్, సమాన, మైనస్ గుర్తులను చేర్చుచున్నది. ఇది సూక్ష్మతను పెంచినది గాని మూలదోషమును తీర్చలేదు. వరుసను తెలుపు అంకెను పరిమాణమని భ్రమించుటయే ఆ దోషము. భాగములు పెరిగినకొలది ఆ భ్రమ మరింత బలపడవచ్చును.

మన తరగతిలో చెప్పు మోస్ కాఠిన్య సూచిక ఇట్టిదే. అందు కురువిందము 9, వజ్రము 10. భేద మొక్కటే, కాని వజ్రపు నిజకాఠిన్యము కురువిందముకంటె ఎన్నోరెట్లు అధికము. అక్కడ పొరబడిన విద్యార్థికి ఒక మార్కు పోవును. మంచుకొండపై పొరబడిన వానికి ప్రాణమే పోవచ్చును.

సూచికను తొలగింపుమనుట నా అభిమతము కాదు. అంకెకంటె మాటను, మాటకంటె వివరమును ముందుంచిన మేలు. మూడవ మెట్టునకు "గణనీయము" అను చల్లని పేరుకు బదులు "మనిషి బరువునకే చరియ జారవచ్చును" అని వ్రాసిన, కుటీరపు గుమ్మములో నిలిచినవాడు మరియొక మారు ఆలోచించును. ఉపాధ్యాయులు ఏ సూచికను బోధించునపుడైనను, ఈ అంకె క్రమమును తెలుపునదా, కొలతను తెలుపునదా అను ప్రశ్నను విద్యార్థులచేత ముందుగా అడిగింపవలెను.