బిడ్డ ఉద్వేగ విస్ఫోటాల నమోదు: కానర్ వ్యాసం (1943) – పునఃపఠనం

ఉపోద్ఘాతం

బిడ్డ ఒక్కసారిగా నేలమీద పడి ఏడ్చి, చెవులు మూసుకొని, దగ్గరికి వచ్చినవారిని తోసివేసే స్థితిని మెల్ట్‌డౌన్ అంటున్నారు. కోరినది దక్కగానే ఆగిపోయే మారాం కాదిది. భరించలేని ఒత్తిడిలో బిడ్డ తనపై తాను అదుపు కోల్పోయే స్థితి. అది దేని తరువాత వచ్చింది, ఎలా సాగింది, ఏమి చేస్తే సద్దుమణిగింది అని పెద్దలు రాసిపెట్టడం నేడు ప్రత్యేక విద్యలో స్థిరపడిన పద్ధతి. పూర్వస్థితి, ప్రవర్తన, పర్యవసానం అనే మూడు గడుల ఈ నమోదు కూడా ఒక కథనమే. కనుక దానికి కథకుడూ, దృష్టికోణమూ ఉంటాయి. ఆ దృష్టికోణం ఫలితాన్ని ఎలా మారుస్తుందో లియో కానర్ 1943లో ‘నర్వస్ చైల్డ్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆధారంగా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

పరిస్థితిని చదివిన కానర్

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి మనోవైద్యుడైన కానర్, ఆటిజం అధ్యయనానికి పునాది వేసిన ఈ వ్యాసంలో 11 మంది పిల్లల వృత్తాంతాలను వివరించారు. తల్లిదండ్రుల రాతలు ఆయనకు ముఖ్యాధారాలు. మొదటి బాలుడు డోనాల్డ్ గురించి తండ్రి 33 పుటల లేఖ పంపారు. పిల్లలను భయకంపితులను చేసిన వాటిలో లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, పారే నీరు, మరబొమ్మలు, చివరికి గాలి కూడా ఉన్నాయి. కానర్ ఈ జాబితాతో ఆగలేదు. ఇతరుల చప్పుడుకు బెదిరే బిడ్డే తానుగా అంత చప్పుడు చేసి ఆనందించడం గమనించారు. అసలు కారణం చప్పుడు కాదు, తన ప్రమేయం లేకుండా మీదపడే చప్పుడు అని తేల్చారు.

విస్ఫోటాలను మాత్రమే రాసిన పుస్తకంలో ఈ కారణం దొరకదు. అదే చప్పుడు ప్రశాంతంగా గడిచిన సందర్భం కూడా నమోదైనప్పుడే పోలిక సాధ్యం. ఉపాయమూ ఆ పోలికలోనే ఉంది: మిక్సీ వేసేముందు బిడ్డకు చెప్పడం, వీలైతే మీట ఆ చేతులతోనే నొక్కించడం.

స్వభావాన్ని చదివిన కానర్

అదే వ్యాసం చివర కానర్ దృష్టి పరిస్థితుల నుంచి మనుషుల మీదికి మళ్లింది. తల్లిదండ్రుల సవివరమైన దినచర్యలను వారి మితిమీరిన పట్టింపునకు నిదర్శనంగా చూపారు. వారిలో ఆప్యాయత గలవారు అరుదన్నారు. బిడ్డకోసం రాసిన రాత, రాసినవారిపైనే సాక్ష్యమైంది. ఈ లోపం పుట్టుకతో వచ్చినదేనని కూడా ఆయన ఆ వ్యాసంలోనే భావించారన్నది నిజం. అయినా తరువాతి దశాబ్దాల్లో తల్లులపై నింద బలపడింది. 1967లో వచ్చిన బెటెల్‌హైమ్ గ్రంథం ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ దాన్ని మరింత ప్రచారంలోకి తెచ్చింది. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో వారిని నిర్దోషులుగా ప్రకటించారు. పరిస్థితులను చదివిన భాగం నేటికీ ఉపయోగపడుతుండగా, స్వభావాలపై తీర్పు చెప్పిన భాగం గాయం మిగిల్చింది.

తెలుగులో నమోదు

ఈ ప్రమాదం మన పదజాలంలోనూ ఉంది. మారాం, పేచీ, మంకుపట్టు, మొండితనం, పెంకితనం – ఇవన్నీ బిడ్డ కావాలనే చేస్తున్నట్లు ముందే నిర్ణయిస్తాయి. ‘గారాబం’ ఆ తప్పును పెంపకానికి అంటగడుతుంది. ‘సాయంత్రం మొండికేశాడు’ అనే వాక్యంలో కారణాన్ని వెతకడానికి చోటు లేదు. ‘కుక్కర్ కూత వేయగానే చెవులు మూసుకొని అరిచాడు, వేరే గదిలోకి తీసుకువెళ్లాక 10 నిమిషాలకు తేరుకున్నాడు’ అనే వాక్యంలో కారణానికి ఆనవాలూ ఉంది, రేపటికి ఉపాయమూ ఉంది. మొదటి వాక్యం పాఠశాల దస్త్రంలో చేరితే బిడ్డకు ఒక పేరు పడుతుంది. తరగతి మారినా ఆ పేరు వెంట వస్తుంది.

ముగింపు

నమోదు విలువ అందులోని వివరాల సంఖ్యను బట్టి కాక, ఆ వివరాలు దేని గురించి అన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆటిజాన్ని వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన తరువాత ఇటువంటి రాతలు మన పాఠశాలల్లో పెరగవలసి ఉంది. వాటిని రాసే ఉపాధ్యాయులకు క్రియాపదాలకూ, తీర్పు చెప్పే విశేషణాలకూ ఉన్న తేడాను బోధించడం తెలుగు శాఖల బాధ్యత. మాట తానుగా చెప్పుకోలేని బిడ్డ పక్షాన నిలిచేది ఆ వాక్యమే.