విక్టోరియా కాలపు ఆంగ్ల నవల: కలిమిలేముల లెక్క

డికెన్సు దీనజనబాంధవుడని లోకమున ప్రసిద్ధి. దానిని మేము కాదనము. కాని చిరకాలము జమాఖర్చుల పుస్తకములతో గడిపిన కన్నులతో ఆయన నవలలను, ఆయన సమకాలికుల నవలలను చదువునప్పుడు మాకొక విశేషము పొడగట్టుచున్నది. ఈ నవలలందు పేదవాని ఖర్చు పెన్నీతో సహా వ్రాయబడియుండును. భాగ్యవంతుని జమ యెచ్చటనుండి వచ్చినదో పెక్కుచోట్ల వ్రాయబడియుండదు.

ముందుగా పేదవాని పద్దు చూతము. ఆనాటి పౌనునకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. మన పాత రూపాయి, అణా, పైసల లెక్కవంటిదే. 1843లో వెలువడిన ‘క్రిస్మస్ కేరల్’ అను చిన్న కథలో బాబ్ క్రాచిట్ అను గుమాస్తా గలడు. వారమునకు జీతము 15 షిల్లింగులు, బిడ్డలు ఆరుగురు. పెద్దకొడుకు పీటరునకు వారమునకు 5 షిల్లింగుల 6 పెన్నీల కొలువొకటి దొరకవచ్చునని తండ్రి చెప్పగా, మన పీటరు వ్యాపారస్థుడగునా యని చిన్నపిల్లలు విరగబడి నవ్వుదురు. బాబ్ పనిచేయు గదిలో నిప్పు ఒక్క బొగ్గుముక్క మాత్రమే యనిపించును. బొగ్గుపెట్టె యజమాని గదిలో నుండును. గుమాస్తాగిరి చేసినవారికి ఆ బొగ్గుపెట్టెను గూర్చి వ్యాఖ్యానమక్కరలేదు.

ఈ ఖచ్చితత్వము పుస్తకముల వలన వచ్చినది కాదు. డికెన్సు తండ్రి నౌకాదళపు జీతముల కచేరిలో గుమాస్తా. 1824లో ఒక రొట్టెలవానికి 40 పౌనుల చిల్లర బాకీపడి మార్షల్సీ అను ఋణస్థుల చెరసాలకు పోయెను. పండ్రెండేండ్ల కుమారుడు బూట్లకు రాయు నల్లరంగు తయారుచేయు కొట్టులో, సీసాలకు కాగితములంటించుచు వారమునకు ఆరేడు షిల్లింగులు గడించెను. 1849-50లో వచ్చిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నందలి మికాబర్ చెప్పు ప్రసిద్ధమైన లెక్కకు ఇదియే మూలము. ఏటికి 20 పౌనుల రాబడిలో ఆరు పెన్నీలు మిగిలినచో సుఖము, ఆరు పెన్నీలు మించినచో దుఃఖము. నవ్వుచునే చదువుదుము గాని, ఆ ఆరు పెన్నీలకు చెరసాల తలుపు తెఱచుకొనుట ఆ బాలుడు కన్నులార చూచినదే.

మఱి బాబ్ యజమాని స్క్రూజ్ యే వ్యాపారమున ధనికుడాయెను? కథలో ఒక గిడ్డంగి, ఒక లెక్కల గది, కొందరు ఋణస్థులు కనబడుదురు, సరకేమో తెలియదు. అంతకన్న చిత్రమేమనగా, మనసు మారిన స్క్రూజ్ కథాంతమున గుమాస్తా జీతము పెంచెదననును గాని, ఎంతకు పెంచెనో చెప్పబడలేదు! 15 షిల్లింగులని వ్రాసిన కలమే అచ్చట ఊరకున్నది. ఓలివర్ ట్విస్టునకు బ్రౌన్‌లో, నికొలస్ నికల్బీకి చీరిబుల్ సోదరులు దొరికినట్లే క్రాచిట్ కుటుంబమునకును ఒక ధర్మాత్ముడు దొరకెను, చాలును. దాత చేయి కనబడును గాని, ఆ చేతికి ధనమెట్లు వచ్చెనో కనబడదు. (ఇట్టి సంచికలలో దాతల ఛాయాచిత్రములు ముందు పుటలందు అచ్చువేయుట మర్యాద, అది వేఱుమాట.)

ఇది డికెన్సు ఒక్కని తీరు కాదు. 1847 నాటి ‘జేన్ ఐర్’ నందు షార్లెట్ బ్రాంటి, ఉపాధ్యాయిని జీతము బడిలో ఏటికి 15 పౌనులని, థార్న్‌ఫీల్డ్ గృహములో 30 పౌనులని స్పష్టముగ తెలుపును. పిమ్మట మదీరా ద్వీపమందలి పినతండ్రి 20,000 పౌనులు విడిచిపోవును. జేన్ దానిని నలుగురికి సమముగ 5,000 చొప్పున పంచును. ఆ పంపకము మాకెంతయో ప్రియము. కాని రాచెస్టరునకు మొదటి పెండ్లి వలన రావలసిన 30,000 పౌనులు జమైకా తోటల దొర ధనము. ఆ తోటలలో చెమటోడ్చిన బానిసల ప్రసక్తియే గ్రంథమున రాదు. వారి విముక్తికి బ్రిటిషు పార్లమెంటు 1833లో చట్టము చేసినది. నవల వచ్చునాటికి అది పాతబడిన వార్త కాదు.

థాకరే కొంత మేలు. 1811లో కలకత్తాలో పుట్టిన యీ రచయిత, 1833లో అచ్చటి ఏజెన్సీ కంపెనీలు కూలినప్పుడు పిత్రార్జితమును చాలవఱకు పోగొట్టుకొనెను. అందుచేతనే కాబోలు, ‘వ్యానిటీ ఫెయిర్’ నందు ఏమియు రాబడి లేక దర్జాగా బ్రదుకు క్రాలీ దంపతుల ఖర్చు ఎవరు భరించిరో ఆయన మఱవలేదు. ఏండ్లతరబడి కొలువుచేసి కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొని వారికి అద్దెకిచ్చిన రాగిల్స్ భరించెను, పాపము, సర్వనాశనమాయెను.

ఈ లెక్కను సూటిగా అడిగినవారిలో శ్రీమతి గాస్కెల్ ముఖ్యురాలు. ఆమె ‘నార్త్ అండ్ సౌత్’ 1854-55లో డికెన్సు నడపిన పత్రికలోనే వచ్చినది. అందు బెస్సీ అను పిల్ల మిల్లులో దూదిధూళి పీల్చి క్షయించిపోవును. ఆ ధూళిని లాగివేయు చక్రమున్నది. వెల ఐదాఱు వందల పౌనులు, లాభమేమియు తేదు. కావున పెక్కుమంది యజమానులు పెట్టరు. కొందఱు కూలీలును దానిని వలదందురు. దూది మ్రింగుటకు అలవాటుపడినవారికి ధూళి లేకున్న ఆకలి యెక్కువగునట! షోలాపురపు మిల్లుల నీడలో పెరిగిన మన పద్మశాలీ కుటుంబములవారు ఈ పుట దాటి వెంటనే ముందునకు పోజాలరు. లాభమునకు ఎదురుపద్దుగా ఒక పిల్ల ఊపిరి వ్రాయబడినది. అయినను కథాంతమున చిక్కు విడిపించునది వారసత్వపు ధనమే. నాయిక బ్యాంకులో రెండున్నర శాతము వడ్డీకి పడియున్న 18,057 పౌనులను దివాలా తీసిన నాయకునకు అప్పుగా ఇయ్యజూపును. ప్రేమను వడ్డీరేటుతో తెలిపిన నాయిక మఱియొకతె మాకు తారసపడలేదు.

డికెన్సు కూడ క్రమముగ మారెను. 1855-57 నాటి ‘లిటిల్ డారిట్’ నందు మెర్డిల్ అను కోటీశ్వరుడు చేయు పనియేమో ఎవరికిని తెలియదు. తెలియకుండుటయే అచ్చట విషయము. అతడు ఆత్మహత్య చేసికొన్నపిమ్మట గాని అంతయు మోసమని బయటపడదు.

కాని మా దృష్టిలో డికెన్సు ఈ పద్దును పూర్తిగా తెఱచినది 1860-61లో వచ్చిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నందే. కమ్మరి జో యింట పెరిగిన పిప్‌నకు అజ్ఞాతదాత యొకడు ధనమిచ్చి లండనులో దొరబిడ్డగా పెంచును. పూర్వపు నవలలందైనచో కథ అచ్చటితో సుఖాంతము. ఇచ్చట దాత స్వయముగ మెట్లెక్కి వచ్చును. వాడు మాగ్విచ్, ఆస్ట్రేలియాకు యావజ్జీవము పంపబడిన ఖైదీ, గొఱ్ఱెలు కాచి, ఎండకు వానకు ఓర్చి, ప్రతి గినీయు ఈ బాలునికొరకు దాచినవాడు. పిప్‌నకు కలిగిన మొదటి భావము కృతజ్ఞత కాదు, ఏవగింపు. తాను తిన్నది, తొడిగినది ఎవరి శ్రమయో తెలిసిన క్షణమున తన దొరతనము ఎంతటిదో తేలిపోవును. తక్కిన నవలలలో గోడచాటున దాగిన జమపద్దు ఇందు మనిషి రూపమున గదిలో కూర్చుండి, మోటుగా భోజనము చేయును. మాగ్విచ్‌నకు శిక్షపడగా ఆస్తియంతయు ప్రభుత్వపరమగును. పిప్ తుదకు తూర్పుదేశములలో ఒక కంపెనీ గుమాస్తాగా చేరి స్వంత జీతముతో బ్రదుకును.

అంతకుమున్ను అతడు నగల వర్తకునికి 123 పౌనుల 15 షిల్లింగుల 6 పెన్నీలు బాకీయుండగా అరెస్టు చేయవత్తురు. జ్వరముతో స్పృహ తప్పును. దరి చేరి సేవచేసినది తాను సిగ్గుపడి దూరముంచిన జోయే. పిప్ కోలుకొన్నపిమ్మట జో తెల్లవారుసరికి చెప్పకయే వెడలిపోవును. విడిచిన చీటిలో బాకీ తీరినట్టు రశీదు మడిచియుండును. కొలిమిలో సంపాదించిన డబ్బది. మేము చూచిన యొక బాలుర సంక్షిప్త ప్రతియందు జో సేవ కలదు, రశీదు లేదు. పిల్లలకు ఈ నవల నిచ్చువారు పూర్ణప్రతినే ఇయ్యవలెనని మా ప్రార్థన.