తలుపు తీసింది ఎవరు?

పోయిన చలికాలం ఒక ఆదివారం కొండపల్లి ఖిల్లాకి వెళ్ళాను. దర్గా దర్వాజా దగ్గర నా ముందు ఒక కుటుంబం నడుస్తోంది. ఆరేడేళ్ళ పిల్లాడు ద్వారం కింద ఆగి, పైకి చూసి, "నాన్నా, రాత్రిళ్ళు దీన్ని ఎవరు మూసేవాళ్ళు?" అని అడిగాడు. "రాజుగారు" అన్నాడు తండ్రి, ఫోన్లోంచి తలెత్తకుండా. పిల్లాడు నమ్మలేదు. "రాజుగారే వచ్చి మూస్తారా?"

నవ్వొచ్చింది. కానీ కొండ దిగేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కొండపల్లి గురించి నేను విన్న కథల్లో దానికి జవాబు లేదు మరి.

మనకి తెలిసిన కథ ఇది. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు, మొఘలులు, నిజాం. 1766లో ఇంగ్లీషువాళ్ళు. గైడ్ చెప్పినా, యూట్యూబ్ చెప్పినా వరస ఇదే. వినడానికి చరిత్రలా ఉంటుంది గానీ, నిజానికిది ఇల్లు చేతులు మారిన జాబితా. అందులో కాపురం లేదు. ఈ కథ ఎప్పుడూ ద్వారం బయట నిలబడి, ఎవడు బద్దలుకొట్టాడో చూస్తుంటుంది. లోపల ఉన్నవాళ్ళకి ఆ రాత్రి ఏమైందో దానికి పట్టదు.

జాబితా విసుగొచ్చినచోట సొరంగం మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి ఫలానా ఊరిదాకా సొరంగం ఉందని చెప్పని కోట తెలుగునాట ఉందా? రీల్స్ వచ్చాక ఈ సొరంగాలు ఇంకా పొడుగయ్యాయి, వెనక భయపెట్టే మ్యూజిక్ కూడా చేరింది. వీటిని కొట్టిపారేయను, ఇష్టంగానే వింటాను. కానీ గమనించండి, సొరంగంలోంచి ఎప్పుడూ రాజే తప్పించుకుంటాడు. వంటవాళ్ళు, గుర్రాల కాపరులు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు ఏమయ్యారో ఏ కథా చెప్పదు. ద్వారం దగ్గర జరిగింది చెప్పడం కష్టం. అందుకే కథ భూమిలోకి దూరిపోతుందని నా అనుమానం.

ద్వారం దగ్గర అసలు ఏం జరుగుతుందో గోల్కొండ చెబుతుంది. కొండపల్లి కోటలో తానీషా మహల్ చూపిస్తారు కదా, ఆ తానీషా ఏలుబడి 1687లో ముగిసింది. ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించినా పడని గోల్కొండ, ఒక రాత్రి లోపలి మనిషే తలుపు తీయడంతో పడిపోయింది. అతని పేరు చరిత్రలో ఉంది, అబ్దుల్లా ఖాన్ పన్నీ. ద్రోహి కాబట్టి పేరు మిగిలింది. అంతకుముందు వేల రాత్రులు ఆ తలుపు నమ్మకంగా మూసినవాళ్ళ పేర్లు మనకి అక్కర్లేకపోయాయి.

సాహిత్యం ఇంకాస్త మెరుగేమో అనుకున్నాను. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి ఒకదాని తర్వాత ఒకటి గెలుచుకుంటూ సాగిన కళింగ దండయాత్రలోనే కదా రాయలు బెజవాడలో ఆగి, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం వెళ్ళి, ఆంధ్రవిష్ణువుని కలలో చూశానని 'ఆముక్తమాల్యద' పీఠికలో రాసుకున్నాడు! తెలుగు గొప్పతనం గురించి మనం బడిలో నేర్చుకున్న పద్యం ఆ కలలోదే. ఆ కలకీ, కొండపల్లి ముట్టడికీ మధ్య పెద్ద దూరం లేదు. పద్యం ఊరూరా తిరిగింది. ముట్టడి కోటలోనే ఉండిపోయింది.

ఆ ముట్టడిలో గజపతి భార్య, కొడుకు బందీలయ్యారని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. తర్వాత సంధి కుదిరింది, గజపతి కూతుర్ని రాయలకిచ్చి పెళ్ళి చేశారు. ఆమె తుక్కాదేవి అనీ, భర్త ఆదరణ లేక కంభంలో ఒంటరిగా బతికిందనీ ఒక కథ. ఆమె రాసిందని చెప్పే అయిదు సంస్కృత శ్లోకాలున్నాయి, తుక్కా పంచకం అంటారు. తుమ్మెద పట్టించుకోని సంపెంగ అందులో తన గోడు చెప్పుకుంటుంది. అవి ఆమె రాసినవా కాదా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. నాకు ముఖ్యమైంది ఇంకోటి. ఓడిన ఇంటి ఆడపిల్ల గొంతు ఒకటి ఉండాలని ఎవరో అనుకున్నారు. విజయయాత్ర కథలో అలాంటి గొంతు లేదని వాళ్ళకి అనిపించింది. విమర్శ అంటే అదే కదా!

ఇక కైఫీయతులు. రెండు వందల ఏళ్ళ కిందట కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊళ్ళు తిరిగి, కరణాల దగ్గర దండకవిలెలు చూసి రాయించినవి. మన కోటల కథకులు ముందు చదవాల్సింది వీటిని. రాజుల వరస వీటిలోనూ ఉంటుంది. దాని పక్కనే గుడి మాన్యం, చెరువు, ఎవరి మిరాశీ ఎవరు లాక్కున్నారు, పుట్టలో దేవుడు ఎలా దొరికాడు, అన్నీ ఒకే గొంతుతో సాగుతాయి. పుకారుకీ, పన్నులెక్కకీ ఒకే మర్యాద! లోపం కూడా చెప్పాలి. కైఫీయతు ఊరిని కరణంగారి అరుగు మీద కూర్చుని చూస్తుంది. అరుగు ఎక్కడానికి వీల్లేనివాళ్ళు అక్కడ కూడా బయటే.

ఎవరి పేరు మిగులుతుందన్న సంగతి కృష్ణ దిగువన బందరులో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ డచ్చివాళ్ళ సమాధుల మీద పదిహేడో శతాబ్దపు పేర్లు రాతిలో చెక్కి ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకి ఏ కోటగుమ్మమూ అడ్డు కాలేదు. దాదాపు ముప్ఫై వేలమంది పోయారు. వాళ్ళలో ఎందరి పేర్లు మనకి తెలుసు? కొండపల్లిలోనూ ఇంగ్లీషువాళ్ళ సమాధులున్నాయి. రాయి కొనుక్కోగలిగినవాళ్ళే మన పాత కట్టడాల కథల్లో మనుషులు. మిగతావాళ్ళు ఒక అంకె.

దిగేటప్పుడు ఎప్పటిలాగే బొమ్మల కాలనీలో ఆగాను. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతికించి, ఆరబెట్టి రంగులేస్తారు. అంబారీ ఏనుగు మీద రాజు ఉన్నాడు. అదే బల్ల మీద, అదే ఎత్తులో తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, రోకలి పట్టుకున్న ఆడవాళ్ళు, ఎడ్లబండి. కోట లోపలి కథలో చోటు దొరకనివాళ్ళు కోట కింది బొమ్మల్లో రాజు పక్కన నిలబడ్డారు.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం అందంగా ముగుస్తుంది, కానీ అబద్ధమవుతుంది. బొమ్మల్లో ఎవరికీ ఆకలి లేదు, ఎవరూ ముసలివాళ్ళు కారు. దంచే ఆవిడ అలసిపోదు. షోకేసులో పెట్టుకోవడానికి కావలసింది అదే కాబట్టి బొమ్మ నవ్వుతుంది. పైగా తెల్లపొణికి అడవిలో తగ్గిపోతోందన్న బాధ చెక్కేవాళ్ళది. ఆ బాధకి బొమ్మ లేదు.

అందుకే ఈ పని కథ రాసేవాళ్ళ మీదే పడుతుంది. మన చారిత్రక నవల ఇప్పటికీ సింహాసనం దగ్గర మొదలై రణరంగంలో ముగుస్తోంది. ఈ మధ్య వస్తున్న యువ రచయితల కథల్లో కూడా పాత కోట అంటే ఇద్దరు ప్రేమికులు కూర్చునే రాయి, అంతే. ద్వారపాలకుడి జీతం ఎంత, అతని భార్య కోట లోపల ఉండేదా, ముట్టడి రోజుల్లో వాళ్ళు ఏం తిన్నారు? ఇవి పరిశోధకుల ప్రశ్నలే అని వదిలేస్తే మనకి మిగిలేది మళ్ళీ సొరంగమే. ఆధారం లేనిచోట కల్పన చేయొచ్చు. ఆ కల్పనలో రాజుకి ఇచ్చిన శ్రద్ధ తలుపు దగ్గరి మనిషికీ ఇవ్వమనే నా గోల.

కోట మీంచి చూస్తే ఇబ్రహీంపట్నం వైపు నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. రేపెప్పుడో అవీ శిథిలమై, వాటికీ ఒక గైడ్ వస్తాడు. ఏ ముఖ్యమంత్రి ప్రారంభించాడో, ఎన్ని మెగావాట్లో చెబుతాడు. అప్పుడు ఎవరో పిల్లాడు, రాత్రి షిఫ్టులో లోపల ఎవరుండేవాళ్ళు అని అడుగుతాడు. వాళ్ళ నాన్నకి చెప్పడానికి ఒక్క కథైనా ఉంటుందా?