జింకల వయోనిర్ణయంలో దంతాల అరుగుదల: ఒక ప్రామాణిక పద్ధతిపై విమర్శ

వ్యాససంగ్రహం:
తెల్లతోక జింకల వయస్సును దంతాలను బట్టి నిర్ణయించే పద్ధతి ఉత్తర అమెరికాలో ఏడు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. ఇందులో దంతోద్భేదం, దంతాల అరుగుదల అనే రెండు వేరువేరు ఆధారాలు ఒకే పట్టికలో కలిసిపోయాయి. మొదటిదానికున్న విశ్వసనీయత రెండవదానికి లేదని, ఆ లోపం మంద నిర్వహణ నిర్ణయాలను తప్పుదారి పట్టించగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెల్లతోక జింక, వయోనిర్ణయం, దంతోద్భేదం, అరుగుదల, మంద నిర్వహణ.

1. ప్రవేశిక
అమెరికాలో జింకల వేట మంద సంఖ్యను అదుపులో ఉంచే ప్రధాన సాధనం. ఏటా ఎన్ని జింకలను వేటాడనివ్వాలో నిర్ణయించడానికి మందలో ఏ వయస్సువి ఎన్ని ఉన్నాయో తెలియాలి. వేటలో చనిపోయిన జింకల కింది దవడలే ఇందుకు ప్రధానాధారం. న్యూయార్క్ రాష్ట్ర జింకలను పరిశీలించి సి. డబ్ల్యు. సెవరింగ్‌హాస్ 1949లో 'జర్నల్ ఆఫ్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్'లో ప్రకటించిన వ్యాసం ఈ పరిశీలనకు ప్రామాణికమైంది. ఖర్చు లేకపోవడం, అక్కడికక్కడే ఫలితం తెలియడం దాని వ్యాప్తికి కారణాలు.

2. ఒకే పట్టిక, రెండు ఆధారాలు
జింక కింది దవడలో ఒక్కొక్క పక్క మూడు అగ్రచర్వణకాలు, మూడు చర్వణకాలు ఉంటాయి. మూడవ అగ్రచర్వణకం పాలపన్నుగా ఉన్నప్పుడు దానికి మూడు శిఖరాలుంటాయి. సుమారు ఏడాదిన్నర దాటాక అది రాలి, రెండు శిఖరాల శాశ్వత దంతం వస్తుంది. ఈ మార్పు శరీరధర్మాన్ని అనుసరించి జరుగుతుంది కాబట్టి పిల్లను, ఏడాదిన్నర జింకను, అంతకు పెద్దదానిని వేరుచేయడంలో పొరపాటుకు అవకాశం తక్కువ. పిల్లలు ఎక్కువగా వేసవి ఆరంభంలో పుట్టడం, వేట శరత్కాలంలో సాగడం వల్ల వయస్సులను 1.5, 2.5, 3.5 అని లెక్కిస్తారు.

శాశ్వత దంతాలన్నీ వచ్చాక ఆధారం మారుతుంది. అక్కడినుంచి చూసేది తెల్లని ఎనామెల్‌కూ గోధుమరంగు డెంటిన్‌కూ మధ్య నిష్పత్తిని. మొదటి చర్వణకంలో డెంటిన్ వెడల్పు ఎనామెల్‌ను మించితే 3.5 ఏళ్లని, రెండవదానిలోనూ మించితే 4.5 ఏళ్లని సాధారణంగా నిర్ణయిస్తారు. కాని అరుగుదల కాలానికి మాత్రమే కొలమానం కాదు. తినే మేత గట్టిదనం, దానికంటిన ఇసుక, దంతాల సహజ దృఢత్వం కూడా అందులో చేరతాయి. ఇసుకనేలలో మేసిన జింక, మెత్తని ఆకులు తిన్న జింక ఒకే ఏడు పుట్టినా వాటి దవడలు ఒకేలా ఉండవు. అంటే దవడ చెప్పేది జింక ఎంత నమిలిందన్న సంగతి. ఎన్నేళ్లు బతికిందన్నది దానినుంచి చేసిన ఊహ. పట్టికలో మాత్రం ఈ ఊహకు కూడా దంతోద్భేదానికున్నంత నిశ్చయత్వం దక్కింది.

వయస్సు ముందే తెలిసిన జింకల దవడలతో ఈ పద్ధతిని పరీక్షించిన కెన్నెత్ గీ, ఆయన సహపరిశోధకులు 2002లో ప్రకటించిన విమర్శనాత్మక వ్యాసం పిల్ల, ఏడాదిన్నరది, పెద్దది అనే మూడు వర్గాలకే దీనిని పరిమితం చేయాలని సూచించింది.

3. పొరపాట్లు రద్దవుతాయా?
కొన్నిటి వయస్సు ఎక్కువగా, కొన్నిటిది తక్కువగా అంచనా వేసినా మొత్తంమీద లెక్క సరిపోతుందన్నది ఈ పద్ధతి పక్షాన వినిపించే సమర్థన. ఒక ఊహాత్మక లెక్క దీనిలోని బలహీనతను చూపుతుంది. ఒక నమూనాలో 2.5 ఏళ్లవి 60, 3.5 ఏళ్లవి 30 ఉన్నాయనుకుంటే, స్థిరమైన మందలో ఏటా సగం బతుకుతున్నాయని అర్థం. రెండు వర్గాలలోనూ ఐదోవంతు జింకలు పక్క వర్గంలోకి పొరపాటున చేరితే, మొదటిది 54, రెండవది 36 అవుతాయి. బతికే నిష్పత్తి 50 శాతం నుంచి 67 శాతానికి పెరిగినట్లు కనిపిస్తుంది. పొరపాటు రేటు రెండు వైపులా సమానమే. అయినా పెద్ద వర్గం నుంచి చిన్న వర్గంలోకి వెళ్లేవే ఎక్కువ కాబట్టి అవి రద్దు కావు. ఈ అంకెను నమ్మిన నిర్వాహకుడు వేట ఒత్తిడి తక్కువగా ఉందని భావించి, తర్వాతి ఏడు మరిన్ని జింకలను చంపడానికి అనుమతించవచ్చు.

4. ప్రత్యామ్నాయం, దాని హద్దులు
కుంతకాల వేరుపై ఏటా పేరుకునే సిమెంటమ్ పొరలను సూక్ష్మదర్శినితో లెక్కించడం మరో మార్గం. చలికాలం తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఈ పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. వెచ్చని ప్రాంతాలలో అంత స్పష్టత ఉండదు. దీనికి ప్రయోగశాల, సమయం, ఖర్చు అవసరం. కనుక దీనినీ అన్నిచోట్లా ఒకే నమ్మకంతో వాడలేము.

భారతీయ సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇక్కడ వేట నిర్వహణ సాధనం కాదు. కాని నల్లమల వంటి పులుల అడవుల్లో పులి చంపిన దుప్పుల దవడలు పరిశోధకులకు దొరుకుతాయి. పులి ఏ వయస్సు దుప్పిని ఎక్కువగా చంపుతుందన్న ప్రశ్నకు అవే ఆధారాలు. అయితే దుప్పి పిల్లలు ఏడాదిలో ఏ కాలంలోనైనా పుట్టవచ్చు. ఒకే సమయంలో కొన్ని మగదుప్పులకు గట్టి కొమ్ములు, మరికొన్నిటికి నూగు కొమ్ములు కనిపించడమూ ఇక్కడ మామూలే. ఒకే ఋతువులో పుట్టుకను ఆధారంగా చేసుకున్న 'అర సంవత్సరాల' లెక్క ఇక్కడికి నేరుగా వర్తించదు.

5. ముగింపు
సెవరింగ్‌హాస్ పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. పిల్లల నిష్పత్తి, ఏడాదిన్నర జింకల నిష్పత్తి తెలుసుకోవడానికి అది నేటికీ సరిపోతుంది. అంతకు మించి సంవత్సరాలవారీగా అంకెలు ప్రకటించేటప్పుడు, అదే ప్రాంతంలో వయస్సు తెలిసిన జింకలతో సరిచూసిన పొరపాటు రేటును కూడా వాటి పక్కన చూపాలి. అది లేని పట్టిక ఆధారంగా వేట సంఖ్యను నిర్ణయించడం శాస్త్రసమ్మతం కాదు.