‘మరియు బృందం’లో ఎవరున్నారు?

మన సాంస్కృతిక కార్యక్రమాల కరపత్రాల్లో తరచుగా కనపడే మాట ఒకటుంది: ‘ఫలానా గారు మరియు బృందం’. ఆ ఫలానా గారు వయసులోనూ అనుభవంలోనూ పెద్దవారు. బృందంలో ఉన్నవాళ్ళు చాలాసార్లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. శ్రమ అందరిదీ, పేరు ఒకరిది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడే వంతలనే తీసుకోండి. ఒకరు హాస్యం పండిస్తారు, ఇంకొకరు లోకంలో జరుగుతున్న సంగతుల మీద వ్యాఖ్యానం చేస్తారు. వాళ్ళు లేకపోతే కథ ఒక్క అడుగు ముందుకు పడదు. అయినా మన వాడుకలో ‘వంత పాడటం’ అంటే సొంత ఆలోచన లేకుండా తలూపడమనే అర్థమే స్థిరపడింది. పక్కన నిలబడేవాళ్ళ పట్ల భాషలోనే ఇంత చిన్నచూపు ఉంది.

మరి పేరున్న ఒక కళాకారిణి, పేరులేని కొందరు యువతీయువకులు కలిసి ఒక ప్రదర్శన చేసినప్పుడు స్త్రీవాద విమర్శ దాన్ని ఎలా చదవాలి? ‘అణచివేతకు గురైనవాళ్ళ గొంతు వినిపించింది’ అని మెచ్చుకుని ఊరుకుంటే సరిపోతుందా? ఈ ప్రశ్నలతోనే నేను అమెరికన్ ఫెమినిస్టు కళాకారిణి సుజాన్ లేసీ కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో 1991 నుంచి 2001 దాకా చేసిన పనిని చదువుతూ వచ్చాను. ‘ఓక్లండ్ ప్రాజెక్ట్స్’గా పేరుపడిన ఆ పనిలో టీనేజీ పిల్లలే ప్రధాన పాత్రధారులు. ఇక్కడున్న మనకు అవి ఫొటోలుగా, వీడియోలుగా, వ్యాసాలుగా మాత్రమే అందుతాయి. అలా అందినవాటిలో ఎవరి పేరు మిగిలింది, ఎవరి పేరు రాలిపోయింది అన్నది కూడా నా చర్చలో భాగమే.

లేసీ 1945లో పుట్టింది. 1970లో ఫ్రెస్నోలో జూడీ చికాగో మొదలుపెట్టిన ఫెమినిస్టు కళా కార్యక్రమంలో తొలి విద్యార్థినుల్లో ఒకరు. 1977లో ‘త్రీ వీక్స్ ఇన్ మే’లో మూడు వారాల పాటు లాస్ ఏంజిలస్ నగర పటం మీద, పోలీసు రికార్డుల ఆధారంగా, అత్యాచారం జరిగిన ప్రతిచోటా ఎర్రటి ముద్ర వేసుకుంటూ పోయింది. 1987 మే 10న, మదర్స్ డే రోజున, మిన్నియాపొలిస్‌లో ‘ద క్రిస్టల్ క్విల్ట్’ చేసింది. అరవై దాటిన 430 మంది స్త్రీలు నల్లటి దుస్తుల్లో బల్లల చుట్టూ కూర్చుని తమ జీవితాల గురించి మాట్లాడుకున్నారు. ప్రేక్షకులు పైన బాల్కనీల్లో నిలబడి చూశారు. పై నుంచి చూస్తే ఆ బల్లలు, వాటి మీద కదిలే చేతులు ఒక బొంత అల్లికలా కనపడతాయి. ముసలి స్త్రీలను సమాజం చూడనే చూడదు కాబట్టి వాళ్ళని కళ్ళకు కట్టాలన్నది ఉద్దేశం. అయితే పై నుంచి కనపడేది అల్లికే. అందులో ఏ చెయ్యి ఎవరిదో తెలియదు.

‘ద రూఫ్ ఈజ్ ఆన్ ఫైర్’ దగ్గరికి వచ్చేసరికి ఈ చూపు మారింది. 1994 జూన్‌లో, ఓక్లండ్ నడిబొడ్డున ఒక పార్కింగ్ భవనం పైకప్పు మీద వంద కార్లు నిలిపారు. వాటిలో 220 మంది ప్రభుత్వ హైస్కూలు విద్యార్థులు కూర్చుని కుటుంబం, లైంగికత, మాదకద్రవ్యాలు, చదువు, భవిష్యత్తు గురించి మాట్లాడుకున్నారు. ముందే రాసిన సంభాషణలు లేవు. వెయ్యిమంది దాకా నగరవాసులు ఒక కారు నుంచి ఇంకో కారుకు నడుస్తూ విన్నారు. దీన్ని లేసీ ఒక్కతే రూపొందించలేదు. ఆనిస్ జాకబీ, నల్లజాతి ఫొటోగ్రాఫర్ క్రిస్ జాన్సన్ ఆమెతో కలిసి చేశారు. దీని వెనక ఓక్లండ్ బడుల్లో ఉపాధ్యాయులతో కలిసి నడిపిన తరగతులున్నాయి. పత్రికలు, టీవీ తమలాంటి వాళ్ళని ఎలా చూపిస్తున్నాయో పిల్లలు అక్కడ చర్చించుకున్నారు. నల్లజాతి, లాటినో కుర్రవాళ్ళంటే నేరస్థులే అన్నట్టు వార్తలు నడుస్తున్న రోజులవి.

నన్ను అన్నిటికంటే ఆకర్షించింది ఆ ప్రదర్శన ప్రేక్షకుల శరీరాల నుంచి ఏం కోరిందన్నది. కారు లోపలి మాట వినాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళి వంగాలి. అడ్డం మాట్లాడకూడదు, సలహా ఇవ్వకూడదు, తిరిగి ప్రశ్నించకూడదు. పిల్లలు పెద్దల ముందు వంగడమే మనకు తెలిసిన మర్యాద. అది అమ్మాయిలకు ఇంకా చిన్నప్పటి నుంచే నేర్పుతాం. ఇక్కడ పెద్దలు వంగారు. సాయం చెయ్యడానికో బుద్ధి చెప్పడానికో కాదు, కేవలం వినడానికి. గ్రాంట్ కెస్టర్ లాంటి విమర్శకులు ఇలాంటి పనిని సంభాషణా కళగా గుర్తించి చర్చించారు. సంభాషణ అనేకంటే, ఒక పక్షం కాసేపు నోరు మూసుకోవడాన్నే ఇక్కడ కళారూపంగా తీర్చారనడం నాకు సబబుగా తోస్తుంది.

ఇక్కడే అభ్యంతరం కూడా ఉంది. వినేవాళ్ళు నచ్చకపోతే పక్క కారుకు వెళ్ళిపోవచ్చు. లోపలున్నవాళ్ళు మాత్రం ఎవరు వింటున్నారో పట్టించుకోకుండా మాట్లాడుతూనే ఉండాలి. పొంచి వినడంలో ఉండే కుతూహలానికి ఇది దగ్గరగా లేదూ? తన మీద జరిగిన హింస గురించి ఒక అమ్మాయి చెప్తుంటే విని, కళ్ళు తుడుచుకుని, ఇంటికి వెళ్ళిపోయే ప్రేక్షకురాలికి ఆ అమ్మాయి పట్ల ఏ బాధ్యతా మిగలదు. ఈ మాట మన సాహిత్యానికీ వర్తిస్తుంది. దళిత స్త్రీల, ముస్లిం స్త్రీల అనుభవ కథనాలని చదివి చలించిపోయే అగ్రకుల పాఠకులు వంగి వినే భంగిమలోనే ఉంటారు. వినడం అయ్యాక నిటారుగా నిలబడి తమ దారిన తాము పోతారు. కాబట్టి విన్నారా లేదా అన్నది చిన్న ప్రశ్న. విన్న తర్వాత అధికారం ఏమైనా చేతులు మారిందా అన్నదే అసలు ప్రశ్న.

‘యువత’ అన్న మాటలో అమ్మాయిలు ఎక్కడున్నారన్నది దీనికి అనుబంధ ప్రశ్న. వార్తల్లో భయపెట్టే ‘యువత’ ఎప్పుడూ మగపిల్లలే. అమ్మాయిలు వార్తకెక్కేది గర్భవతులైనప్పుడు. 1996లో అమెరికాలో వచ్చిన సంక్షేమ సంస్కరణల చట్టం పెళ్ళికాని మైనరు తల్లులు సాయం పొందాలంటే పెద్దల సంరక్షణలో ఉండాలని, చదువు కొనసాగించాలని షరతులు పెట్టింది. ఆ మరుసటి ఏడాది, 1997లో, లేసీ ‘ఎక్స్‌పెక్టేషన్స్’ పేరుతో గర్భవతులైన, తల్లులైన టీనేజీ అమ్మాయిలతో వేసవి తరగతి నడిపింది. కళతో పాటు ప్రభుత్వ విధానాలు కూడా అందులో పాఠ్యాంశమే. అక్కడి నుంచి పుట్టిన ఇన్‌స్టలేషన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాప్ స్ట్రీట్ ప్రాజెక్ట్‌లో ప్రదర్శించారు. పైకప్పు మీది వంద కార్ల ఫొటో ఎన్నో పుస్తకాలకెక్కింది. ఈ అమ్మాయిల పని గురించి చాలాచోట్ల ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకదు. అట్టహాసంగా కనపడేదానికి ఉన్న విలువ తరగతి గదిలో నెమ్మదిగా జరిగేదానికి లేదని విమర్శకులమైన మనమే నిర్ణయిస్తున్నామన్న మాట.

అధికారం చేతులు మారిందా అన్న ప్రశ్నకి సగం జవాబు 1999లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 7న మళ్ళీ ఓక్లండ్‌లోనే, ఒక పార్కింగ్ భవనం పైకప్పు మీదే, ‘కోడ్ 33’ జరిగింది. ఈసారి 150 మంది యువతీయువకులు, 100 మంది పోలీసు అధికారులు చిన్నచిన్న గుంపులుగా కూర్చుని ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. 1994లో నగరవాసులు విని వెళ్ళిపోయారు. ఇప్పుడు పిల్లల్ని రోడ్ల మీద ఆపి సోదా చేసే వ్యవస్థే వాళ్ళ ముందు కూర్చుని బదులు చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క రాత్రితో పోలీసులు మారిపోయారని ఎవరూ అనలేరు. నా దృష్టి దాని రూపకర్తల పేర్ల మీద ఉంది. లేసీ పేరు పక్కన హూలియో సీజర్ మొరాలెస్, యూనిక్ హాలండ్ పేర్లున్నాయి. ఈ యూనిక్ హాలండ్ ఎవరు? ‘ద రూఫ్ ఈజ్ ఆన్ ఫైర్’లో పాల్గొన్న హైస్కూలు విద్యార్థుల్లో ఒకరు. ఐదేళ్ళలో ఆమె కారు లోపల మాట్లాడే స్థానం నుంచి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో ఏం మాట్లాడాలి అని నిర్ణయించే స్థానానికి వచ్చింది.

నా మటుకు నాకు ఓక్లండ్ దశాబ్దపు అసలు ఫలితం ఇదే. గొంతు వినిపించడం అవసరమే. కానీ ఆ గొంతుకి వేదిక కట్టే పని ఎప్పటికీ ఒకరి చేతుల్లోనే ఉంటే, అది ఎంత సానుభూతితో కట్టిన వేదికైనా, లోపలున్నవాళ్ళు బృందంగానే మిగిలిపోతారు. అదే సమయంలో, 220 మందిలో ఒక్క పేరు పైకి రావడాన్ని చూసి మురిసిపోవడం కూడా తొందరపాటే. మన సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో ఒక్కరిని పైకి తెచ్చి అందరికీ న్యాయం జరిగిందనిపించుకోవడం మనం చూస్తున్నదే.

ఇక గ్యాలరీ సంగతి. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘వి ఆర్ హియర్’ పేరుతో లేసీ ఐదు దశాబ్దాల పనిని రెండు చోట్ల ప్రదర్శించారు. ఒకటి ఆ నగరపు ఆధునిక కళా మ్యూజియం. రెండోది దానికి ఎదురుగా ఉన్న యెర్బా బ్యూయెనా కళా కేంద్రం. ఓక్లండ్ పనికి చోటు దక్కింది రెండోదాంట్లో. ఒకప్పుడు వంగి వినాల్సిన మాటలు గ్యాలరీలోకి వచ్చేసరికి తెర మీది దృశ్యాలవుతాయి. కారు కిటికీ దగ్గర ఉండే ఇబ్బంది, సిగ్గు, ఊపిరి తగిలేంత దగ్గరితనం పోతాయి. మ్యూజియం ఎప్పుడూ ఒక జీవితకాలాన్ని ఒక పేరు కింద పేర్చుతుంది. ఆ ప్రదర్శన పేరులో ‘మనం’ అని బహువచనం ఉన్నా, దాని ముందున్న కళాకారిణి పేరు ఏకవచనమే. దీన్ని లేసీ లోపంగా చూడటం నా ఉద్దేశం కాదు. తనతో పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పుకోవడంలో ఆమె ఎప్పుడూ వెనకాడలేదు. సమష్టి పనిని దాచుకోవడానికి గ్యాలరీ వ్యవస్థకి ఇంకా అర చేతకాలేదన్నదే నా ఫిర్యాదు.

ఇదే బంధం ఇంకోలా ఎలా నడుస్తుందో చూడాలంటే మరీనా అబ్రమోవిచ్ ఉదాహరణ చాలు. 2010లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆమె పాత ప్రదర్శనలు ఐదింటిని యువ ప్రదర్శకులు మళ్ళీ చేశారు, కొన్నిటిని నగ్నంగా. అక్కడ సందర్శకులు తనను లైంగికంగా తాకుతుంటే మ్యూజియం కాపాడలేదంటూ వారిలో ఒకరు 2024లో దావా వేశారు. 2011లో లాస్ ఏంజిలస్‌లో ఒక మ్యూజియం విందుకు ఆమె రూపొందించిన కార్యక్రమంలో, బల్లల మధ్య నుంచి తలలు మాత్రమే బయటకు పెట్టి గంటల కొద్దీ తిరుగుతూ ఉండేందుకు యువ ప్రదర్శకులకి ఇవ్వచూపింది 150 డాలర్లు. అప్పటికే డెబ్భైల్లో ఉన్న నృత్యకారిణి ఇవాన్ రైనర్ దాన్ని దోపిడీ అంటూ బహిరంగంగా లేఖ రాసింది. ఓర్పు, నొప్పి తనవైనప్పుడు అది కళాకారిణి సాహసం. అదే నొప్పిని కూలికి మాట్లాడి ఇంకొకరి శరీరానికి అప్పగిస్తే దానికి శ్రమ అనే పేరు పెట్టాలి, శ్రమకుండే హక్కులూ ఉండాలి.

ఈ విషయంలో మనకు సొంత అనుభవం లేకపోలేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఈ కోణంలో మళ్ళీ చూడాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలు అందులో వాళ్ళ వాళ్ళ పేర్లతో ఉన్నాయి. సేకరించినవాళ్ళు, సంపాదకత్వం వహించినవాళ్ళు సంఘటన పేరు కింద ఉన్నారు. అంటే మన కరపత్రాల పద్ధతిని తలకిందులు చేశారు: మాట్లాడినవాళ్ళు ‘ఫలానా గారు’ అయ్యారు, వేదిక కట్టినవాళ్ళు ‘బృందం’ అయ్యారు. గ్యాలరీలు ఇప్పటికీ చెయ్యలేకపోతున్న పని అది. అలాగని అక్కడా ప్రశ్నలు తీరిపోలేదు. ఆ కథనాలను కూర్చిన అధికారం చదువుకున్న స్త్రీల చేతుల్లోనే ఉంది. చెప్పినవాళ్ళలో ఎవరూ యూనిక్ హాలండ్‌లా తర్వాతి పుస్తకానికి సంపాదకురాలు కాలేదు.

రేపు మనలో ఒకరు పెద్ద కళాకారిణితో, కొత్తగా వస్తున్న అమ్మాయిలతో కలిసి ఒక చిన్న హాల్లోనో, బస్తీ గ్రంథాలయంలోనో ప్రదర్శన పెట్టబోతే, దాని మీద విమర్శ రాయబోతే, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పాల్గొన్న ప్రతి అమ్మాయి పేరూ గోడ మీద ఉందా? వాళ్ళ సమయానికి ఎంత చెల్లించారు? రికార్డు చేసిన మాటలు, బొమ్మలు ప్రదర్శన ముగిశాక ఎవరి దగ్గర ఉంటాయి, వద్దంటే తీసేస్తారా? తర్వాతి ప్రదర్శనను రూపొందించే చర్చలో వాళ్ళలో ఎందరు కూర్చుంటారు? ఇవి కార్యక్రమ నిర్వహణకి సంబంధించిన చిల్లర విషయాలని, సౌందర్యంతో వీటికి పనిలేదని అనేవాళ్ళుంటారు. స్త్రీల పనిలో చాలా భాగాన్ని ఇన్నాళ్ళూ చిల్లర విషయాల ఖాతాలోనే రాశారు. ఆ ఖాతాని తెరిచి చదవడం మన విమర్శ పని.