అడిగినదానికే జవాబు చెప్పే పలక

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా పెద్దమ్మ కొడుకు అన్న కృష్ణగిరి నుంచి మా ఇంటికి వచ్చినాడు. అన్న ఇంజినీరింగు చదువుతా ఉన్నాడు. తన పాత ల్యాప్‌టాపులో 'జే' అనే కంప్యూటర్ భాషను ఎక్కించి, "నీకు లెక్కలంటే ఇష్టం కదా, దీంతో ఆడుకో" అని నా దగ్గరే విడిచిపెట్టి పోయినాడు. సెలవులన్నీ దాని ముందే కూర్చున్నాను. దానిలో నాకు నచ్చింది ఏది, నచ్చనిది ఏది, మన బడి పిల్లలకు అది పనికి వస్తుందా రాదా అని ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు అది ఏమిటో చెప్పాలి. మామూలుగా ప్రోగ్రాం అంటే మొత్తం రాసి, తర్వాత నడిపించి, ఫలితం చూస్తారు. జేలో ఒక వరుస రాసి ఎంటర్ కొడితే అప్పుడే జవాబు వస్తుంది. ఇట్ల వరుస వరుసకూ బదులు చెప్పేదాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. మనం రాసేది మూడు ఖాళీలు లోపలికి జరిగి ఉంటుంది, అది చెప్పే జవాబు అంచుకు ఆనుకొని ఉంటుంది. ఎవరి మాట ఏదో చూడగానే తెలుస్తుంది. ఇది ఒక్కొక్క సంఖ్యతోనే కాక, సంఖ్యల వరుసలతో, పట్టికలతో ఒకేసారి పని చేస్తుంది. వాటిని 'అర్రే' అంటారు. నేను మొదట రాసింది ఇది:

   37 * 3 6 9 12 15 18 21 24 27
111 222 333 444 555 666 777 888 999

తొమ్మిది గుణకారాలు ఒక్క దెబ్బతో అయిపోయినాయి. దండ గుచ్చినట్టు ఉండే ఇట్లాంటి సంఖ్యలను 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో చూపించినాడు. ఆ పుస్తకాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసినాడు. మా లెక్కల సారు ఈ సంగతి చెప్పినప్పుడు, ఎప్పటి లెక్క ఎక్కడికి వచ్చిందా అని ఆశ్చర్యపోయినాను.

ఈ భాషకు మూలపురుషుడు కెన్నెత్ ఐవర్సన్. కెనడాలో 1920లో ఒక రైతు ఇంట్లో పుట్టినాడు. ఒకే గది ఉన్న బడిలో చదివినాడు. కరువు రోజుల్లో తొమ్మిదో తరగతితో చదువు ఆపి సేద్యం పనికి పోయినాడు. తర్వాత మళ్లీ చదివి, హార్వర్డులో పాఠం చెబుతా, లెక్కలను బోర్డు మీద స్పష్టంగా రాయడానికి కొన్ని గుర్తులు కల్పించుకొన్నాడు. వాటి గురించి 1962లో పుస్తకం వేసినాడు. ఆ గుర్తులే ఏపీఎల్ అనే కంప్యూటర్ భాష అయినాయి. 1979లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఏపీఎల్‌లో మామూలు కీబోర్డు మీద లేని గుర్తులు చాలా ఉన్నాయి. అందుకని 1990లో రోజర్ హుయ్‌తో కలిసి, మామూలు కీబోర్డుతోనే రాయగలిగేట్టు జేను తయారుచేసినాడు. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. ఒకసారి ఎక్కించుకొంటే నెట్టు కూడా అక్కరలేదు.

నాకు బాగా నచ్చిన గుణం ఈ గుర్తులే. వేరే కంప్యూటర్ భాషల్లో ఇఫ్, వైల్, ప్రింట్ అని అడుగడుగునా ఇంగ్లీషు మాటలు ఉంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పక్కింట్లో కన్నడం వినే మా ఓసూరు పిల్లలకు అది ఇంకో భారం. జేలో + కూడేది, * గుణించేది, % భాగించేది, # ఎన్ని ఉన్నాయో ఎంచేది. గుర్తు పక్కన / పెడితే, ఆ పని వరుస మొత్తానికీ చేస్తుంది. దీన్ని వివరించడానికి వాళ్లు వాడే మాటలు వ్యాకరణం మాటలే. సంఖ్య నామవాచకం, + క్రియ, / క్రియావిశేషణం. సగటు కావాలంటే +/ % # అని రాస్తే చాలు. 'మొత్తాన్ని ఎన్ని ఉన్నాయో దానితో భాగించు' అని దాని అర్థం. మన పుస్తకంలోని సూత్రం కంటే ఇదే పొట్టిగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా నాయన టమాటా పెట్టినాడు. ఒక వారంలో నాలుగు సార్లు కోసి, రాయకోట మార్కెట్టుకు తోలినాడు. బాక్సు ధర 100, 120, 300, 80 రూపాయలు పలికింది. ఒక్క బాక్సు పండించడానికి మాకు నూరు రూపాయలు పడింది అని నాయన లెక్క. మళ్లీ టమాటానే పెట్టాలా, బీన్సుకు మారాలా అని ఇంట్లో మాటలు నడుస్తా ఉన్నాయి. నేను గొప్పగా ల్యాప్‌టాపు తెచ్చి చూపించినాను:

   (+/ % #) 100 120 300 80
150

"సగటున బాక్సు నూట యాభైకి పోయింది నాయనా, లాభమే" అన్నాను. నాయన నగినాడు. "మున్నూరు పలికిన దినం మనం తోలింది ఐదు బాక్సులేరా. ఎనబై పలికిన దినం ముప్పై. నూట యాభై నేను ఎప్పుడు చూసినాను?" అనె.

నాయన చెప్పింది నిజం. బాక్సులు 20, 25, 5, 30. అవి కలిపి మళ్లీ అడిగినాను:

   (+/ 100 120 300 80 * 20 25 5 30) % +/ 20 25 5 30
111.25

దీన్నే భారిత సగటు అంటారని మా సారు చెప్పినాడు. ఇక్కడే నాకు దీని గుణమూ దోషమూ రెండూ తెలిసినాయి. బాక్సుల వరుసలో ఒక సంఖ్య మరిచిపోతే 'లెంగ్త్ ఎర్రర్' అని నిలిపేస్తుంది. అది మంచిదే. కానీ నేను తప్పు ప్రశ్న అడిగితే మాత్రం ఏమీ అనదు. 150 కూడా సరైన జవాబే, ఆ ప్రశ్నకు. నాయనకు కావాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

రెండో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. మొత్తం 8900 రూపాయలు. మండీ కమీషను 890, బండి బాడుగ 600.

   8900 - 890 - 600
8610

నాయన నోటిలెక్క వేసి, "కమీషను ఒకటి పోయినా ఎనిమిదివేల పదే కదా. బాడుగ కూడా తీస్తే ఎక్కువ ఎట్ల అయింది?" అనె. నిజంగా రావాల్సింది 7410. జేలో బాడ్మాస్ లేదు. అన్నీ కుడి నుంచి ఎడమకు చేస్తుంది. మొదట 890లో 600 తీసేసి, వచ్చిన 290ని 8900లో తీసేసింది. గుర్తులు చాలా ఉన్నాయి కాబట్టి ఏది ముందు ఏది వెనుక అని గుర్తు పెట్టుకోవడం కష్టమని, అన్నిటికీ ఒకే నియమం పెట్టినారు. వాళ్ల కారణం నాకు అర్థమయింది. అయినా పరీక్షలో బాడ్మాస్ రాయాల్సిన పిల్లవానికి ఇది ప్రమాదమే. 1 % 0 అని అడిగితే మన పుస్తకం నిర్వచితం కాదు అంటుంది, జే అనంతం గుర్తు చూపిస్తుంది. 0 % 0 అంటే 0 అంటుంది. వీటిని చూసి పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

ఆ 7410ని 80 బాక్సులకు పంచితే బాక్సుకు 92.625 వచ్చింది. అంటే లాభం కాదు, బాక్సుకు ఏడు రూపాయల పైన నష్టం. నా మొదటి లెక్క నమ్మి ఉంటే ఏమయ్యేదో అని భయం వేసింది.

అయితే ఈ కుడి ఎడమల నియమం ఒక మంచి పాఠం కూడా నేర్పింది. ఒక దినం పైన రాసిన లెక్కలో కుండలీకరణాలు మరిచిపోయినాను. తప్పు వస్తుందని అనుకొంటే, మళ్లీ 111.25 వచ్చింది! ఎందుకా అని ఒక్కొక్క ముక్కా విడిగా అడిగి చూసినాను. అది ముందు బాక్సులను మొత్తంతో భాగించింది. మొదటి దినం నాలుగో వంతు, మున్నూరు పలికిన దినం పదహారో వంతు. ఆ వంతులతో ధరలను గుణించి కూడింది. విభాగ న్యాయం వల్ల రెండు దారులూ ఒకటే. మున్నూరు రూపాయల ధరకు మా అమ్మకంలో పదహారో వంతే పాలు ఉందని అప్పుడు కళ్లకు కనబడింది. నాయన నగింది ఎందుకో అప్పుడు పూర్తిగా అర్థమయింది.

ఇంకో లోపం చెప్పకుండా ఉండలేను. సంఖ్యల వరుసకు పేరు పెట్టుకోవచ్చు. నేను 'ధర' అని తెలుగులో పెట్టినాను. 'స్పెల్లింగ్ ఎర్రర్' అనింది. నేను రాసిన ధరలో తప్పేమీ లేదు, ధకు వత్తు కూడా సరిగ్గానే ఉంది. పేర్లకు ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి ఒప్పుకోదు. గుర్తులతో భాష గోడను తీసేసినవాళ్లు, పేర్ల దగ్గర మళ్లీ కట్టినారు. వివరించే పుస్తకాలు కూడా చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

ఇన్ని చెప్పినా, మన బడి పిల్లలు దీన్ని ఒకసారి వాడి చూడాలనే నేను అంటాను. ఇది అయివారు కాదు, పలక. రాసింది తప్పైతే తుడిచి మళ్లీ రాయవచ్చు, ఎవరూ కోప్పడరు. నేను ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకొన్నాను. ఎంటర్ కొట్టేముందు జవాబు ఎంత రావచ్చో నోట్‌బుక్కులో రాస్తాను. అది చెప్పింది వేరేగా ఉంటే, ముక్కలు చేసి ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతాను. తప్పు చాలాసార్లు నాదే. కొన్నిసార్లు నేను అడగాల్సింది అడగలేదని తెలుస్తుంది.

ఈసారి నాయన బీన్సు పెట్టినాడు. లెక్క పుస్తకంలో ధర పక్కన బాక్సులు కూడా రాయడం నా పని. కూడిన తర్వాత నాయనకు చూపిస్తాను. ఆయన ఒకసారి నోటిలెక్క వేసి సరే అన్నాకే ల్యాప్‌టాపు మూస్తాను.